మావయ్య ఫోటో లేని పోస్టరు

మొన్న శనివారం నుంచి మా ఆఫీసు చాట్‌లో నన్నెవరూ సుధాకర్ అనడం లేదు. ‘యువ కెరటం’ అంటున్నారు. నాకు నలభై మూడేళ్ళు. ముందు వైపు జుట్టు సెలవు తీసుకుని చాలా కాలమైంది. మోకాలికి రోజూ నూనె రాసుకుంటున్నాను. అలాంటివాణ్ణి యువ కెరటం ఎలా అయ్యానో, అందులో మా పొన్నూరు మావయ్య చెయ్యి ఎంతుందో చెప్తాను. టీ తాగుతూ వినండి.

మీకు తెలుసుగా, నేను ఒంగోలులో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. కోడ్ రాయడం నా ఉద్యోగం, కాన్ఫరెన్సులకి వెళ్ళడం నా జబ్బు. ఎక్కడ టెక్ కాన్ఫరెన్స్ అన్నా బ్యాగు సర్దేస్తాను. అక్కడ మెళ్ళో వేసే ట్యాగులు మా హాల్లో మేకుకి గుత్తిగా వేలాడుతుంటాయి. వాళ్ళిచ్చే టీషర్టులు బీరువాలో పట్టక మా ఆవిడ సుజాత గ్యాస్ పొయ్యి తుడవడానికి వాడుతోంది. ఒకటి మాత్రం మావయ్యకిచ్చాను. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు, వెంకటప్పయ్య, పొన్నూరులో ధాన్యం వ్యాపారం. గుండెల మీద ‘హలో వరల్డ్’ అని రాసున్న ఆ టీషర్టు వేసుకునే మిల్లు దగ్గర లారీలు లోడ్ చేయిస్తుంటాడు.

నా రెండో జబ్బు సోషల్ మీడియా. ఏ కొత్త సైటు వచ్చినా మొదటి వారంలోనే ఖాతా తెరవకపోతే నాకు అన్నం సహించదు. జనమంతా ఒకచోటు వదిలి ఇంకోచోటికి పోతున్నారంటే నేనూ మూటాముల్లే సర్దుకుని పోయాను. అక్కడ కుదురుకునేసరికి సగంమంది మళ్ళీ పాతచోటికే వచ్చేశారు.

“అద్దె ఇళ్ళు మారినట్టు మారుతున్నారు. ఒక్కచోటైనా పక్కింటివాళ్ళకి మీరెవరో తెలుసా?” అంటుంది సుజాత. తను స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో కూడా ఎవర్నీ వదలదు.

ఇక అసలు విషయం. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళంతా మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపు ఒకటుంది. దాన్ని చూసుకునే పోస్టు ఖాళీ అయింది. కొత్తవాళ్ళని పలకరించాలి, గొడవలొస్తే సర్దిచెప్పాలి, కాన్ఫరెన్సుల్లో మాట్లాడాలి. ఇది నా కోసమే పుట్టిన ఉద్యోగం అనిపించింది. నిజం చెప్తున్నా, ఈ మధ్య దేనికీ అంత ఆశపడలేదు. కానీ పోటీకొచ్చినవాళ్ళంతా పాతికేళ్ళ పిల్లలు. మా మేనేజర్ శిల్ప మేడమ్ బెంగళూరు ఆవిడ, మొహమాటం లేని మనిషి.

“మంగళగిరి కాన్ఫరెన్స్‌లో మీకొక టాక్ ఇప్పిస్తాను సుధాకర్. నేనూ వస్తాను. జనం మీ మాట వింటారని నాకు చూపించండి, అప్పుడు పోస్టు సంగతి మాట్లాడదాం” అన్నారు.

నేను ఎంచుకున్న టాపిక్, ఆన్‌లైన్‌లో గొడవలు వస్తే తీర్చడం ఎలా. ఇది గుర్తుపెట్టుకోండి.

శనివారం పొద్దున్నే మంగళగిరి వెళ్ళాను. హాలు బ్రహ్మాండంగా ఉంది. స్టేజి వెనక రెండు పెద్ద స్క్రీన్లు పెట్టారు. ఒకదాని మీద స్లైడ్లు. రెండోదాన్ని ‘వాల్’ అంటున్నారు. కాన్ఫరెన్స్ హ్యాష్‌ట్యాగ్ పెట్టి ఎవరు, ఎక్కడి నుంచి ఏం పోస్టు చేసినా వెంటనే దాని మీద పడుతుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే ట్రెండు. పొద్దున ఒక కుర్రాడు మాట్లాడుతుంటే వాల్ మీద పోస్టులు వర్షంలా కురిశాయి. తర్వాత నా వయసాయన ఒకాయన మాట్లాడాడు. ఆయన దిగేదాకా వాల్ మీద ‘టీ బ్రేక్ పదకొండింటికి’ అన్న ప్రకటన ఒక్కటే ఉంది. శిల్ప మేడమ్ ముందు వరసలో కూర్చుని ఆ ఖాళీ వాల్‌నే చూస్తున్నారు.

పైగా నా టాక్ భోజనాల తర్వాత. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి, గడ్డ పెరుగు తిన్న హాల్లో ఎవడు పోస్టులు పెడతాడు? కూర్చున్నవాళ్ళు నిద్రపోకపోతే అదే పదివేలు. అందుకని పక్కకెళ్ళి రాంబాబుకి ఫోన్ చేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

రాంబాబు సుజాత తమ్ముడు. ఒంగోలులో ఫ్లెక్సీల షాపు. పెళ్ళి అయినా, పుట్టినరోజైనా, పందెంలో గిత్తలు గెలిచినా వాడి దగ్గరే ఫ్లెక్సీ వేయించాలి. మన ఫ్లెక్సీల సంగతి మీకు చెప్పాలా? మధ్యలో పెద్దమనిషి నిలువెత్తు బొమ్మ, కింద వరసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ తలకాయలు. ఆ కింది వరసలో ఫోటో పడటమంటే మాటలు కాదు. చాలామంది పైనున్న పెద్దమనిషిని తర్వాత చూస్తారు, ముందు కింద తమ తల వెతుక్కుంటారు.

“ఏరా రాంబాబూ, రెండింటికి స్టేజి ఎక్కుతున్నాను. మనవాళ్ళతో నాలుగు మంచి మాటలు పోస్టు చేయించరా. కాన్ఫరెన్స్ హ్యాష్‌ట్యాగ్ మెసేజి పెడతాను, అది మాత్రం మర్చిపోవద్దు.”

“పబ్లిసిటీ కావాలంటావ్, అంతేగా. నువ్వు నిశ్చింతగా స్టేజి ఎక్కు బావా. మిగతాది నాకొదిలెయ్.”

ఫ్లెక్సీలవాడు ‘నాకొదిలెయ్’ అంటే కంగారు పడాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. స్టేజి మెట్లెక్కుతుంటే సుజాత మెసేజి వచ్చింది. “పబ్లిసిటీ మా తమ్ముడికి అప్పజెప్పారట. మీ ఇష్టం.” అప్పటికే మైకు నా చేతిలో పెట్టేశారు.

మొదలుపెట్టాను. స్క్రీన్లు రెండూ నా వెనక ఉన్నాయి. నా ముందు చిన్న తెర మీద నా స్లైడ్లు మాత్రమే కనబడతాయి. గుడాఫ్టర్నూన్ అంటే ఎవరూ పలకలేదు. ఇద్దరు ఆవలించారు. సరే అనుకుని మొదటి స్లైడుకొచ్చాను.

“ఏ గ్రూపైనా నలుగురితో చిన్నగానే మొదలవుతుంది” అన్నాను.

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది.

అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు కానీ, నవ్వితే ఎవరికి చేదు? పెద్ద పెద్ద స్పీకర్లు చేసినట్టు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. రెండో స్లైడుకి ఇంకా పెద్ద నవ్వు. ఆవలించినవాళ్ళు ఫోన్లు తీసి వీడియో తీస్తున్నారు. శిల్ప మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఊగిపోతున్నాయి. ఉద్యోగం జేబులో పడ్డట్టేనని నాకు నమ్మకం కుదిరింది. ఇన్నాళ్ళూ నాలో ఇంత హాస్యం ఉందని మా ఇంట్లో ఒక్కళ్ళు కూడా గుర్తించలేదే అని కొంచెం బాధ కూడా వేసింది.

ఆ ఊపులో అసలు పాయింటుకొచ్చాను. “గొడవ పైకి దేని గురించైనా కావచ్చు. లోపల ఉండేది ఒకటే బాధ. నన్ను లెక్కలోకి తీసుకోలేదే అని.”

చప్పట్లు. కొందరైతే లేచి నిలబడి మరీ కొట్టారు. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. దర్జాగా “చెప్పమ్మా” అన్నాను.

“సర్, చిన్న డౌట్. మీ మావయ్య గారి ఫోటో ఎందుకు వెయ్యలేదు?”

వెనక్కి తిరిగాను.

వాల్ నిండా నేనే. నా పెళ్ళి ఫోటోలో తలకాయ కత్తిరించి, ఎవరిదో నల్ల కోటు మీద అతికించి, నల్ల కళ్ళజోడు పెట్టాడు రాంబాబు. నా వెనక రెండు ఒంగోలు గిత్తలు దుమ్ము రేపుకుంటూ పరిగెడుతున్నాయి. పైన ఎర్ర అక్షరాలతో ‘సాఫ్ట్‌వేర్ సింహం, యువ కెరటం, సుధాకర్ అన్న గారికి స్వాగతం, సుస్వాగతం’. కింద వరసలో మా చుట్టాల తలకాయలు, రాంబాబు స్నేహితుల తలకాయలు. ఆ పోస్టర్నే అందరూ పెట్టారు. ఎవరికివాళ్ళు తమ తల చుట్టూ ఎర్ర గీత గీసుకుని మరీ పెట్టారు.

వాటి మధ్యలో మావయ్య.

“రాంబాబూ, నా ఫోటో ఎందుకు వెయ్యలేదు?”

దాని కింద రాంబాబు, “మావయ్య గారూ, ఇందాకే అడిగాను, మీరు పంపలేదు.”

“నేను వడ్ల లారీ దగ్గరున్నాను. వాడికి చెవులు కుట్టించింది నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని. నీ ఫ్రెండ్సు ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు?”

దాని కింద చీరాల పిన్ని, “పెద్దవాళ్ళు నలుగురిలో ఇలా మాట్లాడుకోకూడదు. సుధాకర్ పరువేం కాను?” ఈ నాలుగు పోస్టులకీ హ్యాష్‌ట్యాగ్ తప్పకుండా పెట్టారు. నేను చెప్పింది ఒక్కటి కూడా మర్చిపోలేదు. వాల్‌కి బూతులైతే ఆపే ఫిల్టర్ ఉందట. మేనమామల్ని ఆపే ఫిల్టర్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

శిల్ప మేడమ్‌కి పక్కనున్నాయన ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెవిలో చెప్తున్నాడు. ఉద్యోగం పోయిందన్న బాధ కన్నా మావయ్య అలిగాడన్న బాధ ఎక్కువైంది, నమ్ముతారో లేదో. చిన్నప్పుడు చెవులు కుట్టిన రోజు నేను ఏడుస్తుంటే నోట్లో బెల్లంముక్క పెట్టింది ఆయనే.

ఏం చెయ్యాలో తోచక ముందున్న చిన్న తెర చూశాను. నా తర్వాతి స్లైడు అక్కడుంది. ‘గొడవ ఎక్కడ మొదలైందో అక్కడే, అందరి ముందూ, ముందు మీరు తగ్గండి.’ సలహా నేను రాసిందే, నాకే పనికొచ్చింది. జేబులోంచి ఫోన్ తీసి స్టేజి మీదే టైపు చేశాను. హాలంతా వాల్ వైపు చూస్తోంది.

“మావయ్యా, తప్పు నాది, రాంబాబుది కాదు. ఈసారి పోస్టర్లో మొదటి ఫోటో నీదే. అందరికన్నా పెద్దది.”

అప్పుడు పడింది వాల్ మీద జవాబు.

“సర్లే. ఇంతకీ అన్నం తిన్నావా?”

ఆ చప్పట్లు చూడాలి మీరు. ఒకాయనైతే ఈల కూడా వేశాడు. తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

కిందకి దిగాక శిల్ప మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. “పబ్లిసిటీ సంగతి వదిలేయండి. చెప్పిన సలహా స్టేజి మీద చేసి చూపించిన స్పీకర్ని నేనింతవరకు చూడలేదు. పోస్టు మీదే సుధాకర్. కానీ ఒక్క షరతు.”

“చెప్పండి మేడమ్.”

“ఆర్డరు చేతికొచ్చేదాకా రాంబాబుకి చెప్పకండి.”

రాంబాబుకి చెప్పలేదు. సుజాతకి చెప్పాను. సుజాత వాళ్ళమ్మకి చెప్పింది. సాయంత్రం నేను ఒంగోలులో బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి కరెంటు స్తంభాల మధ్య కొత్త ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది.

‘ప్రమోషన్ పొందిన యువ కెరటం సుధాకర్ అన్న గారికి హార్దిక శుభాకాంక్షలు.’ మాట ప్రకారం మొదటి ఫోటో మావయ్యది, మనిషంత ఎత్తు. ‘హలో వరల్డ్’ టీషర్టు, భుజం మీద తువ్వాలు, కళ్ళలో మంచి సంతోషం. ఆయన పక్కన చీరాల పిన్ని. ఆ పక్కన నల్ల కళ్ళజోడుతో రాంబాబు. మధ్యాహ్నం పోస్టర్లో కింది వరసలో ఉన్నవాళ్ళంతా పైకొచ్చేశారు, అందరి ఫోటోలూ పెద్దవయ్యాయి. ఎంత వెతికినా నాది మాత్రం కనబడలేదు. రాంబాబుకి ఫోన్ చేశాను.

“ఏరా, నేనేడిరా అందులో?”

“స్థలం చాల్లేదు బావా. ఒకళ్ళని తీసెయ్యాల్సి వచ్చింది. ఎవర్ని తీసినా అలుగుతారు. నీ ఉద్యోగమే గొడవలు తీర్చడం కదా, నువ్వైతే అలగవని…”

వాడన్నది న్యాయంగానే ఉంది. ఇంటికెళ్ళి స్నానం చేసి, సుజాత పెట్టిన వేడి అన్నంలో పండుమిర్చి పచ్చడి కలుపుకుని సుఖంగా తిన్నాను. తిన్నాక ఫోన్ తీస్తే, రాంబాబు ఆ ఫ్లెక్సీ ఫోటో అప్పటికే పోస్టు చేశాడు, అదే హ్యాష్‌ట్యాగ్‌తో. కింద అందరూ దండాలు పెట్టేశారు. నేను పెద్దమనిషిలా రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టాను. మూడోసారి మాత్రం ఆగలేక ఒక కామెంటు రాశాను.

“నా ఫోటో ఎందుకు వెయ్యలేదు?”

మొదటి లైకు మావయ్యది. రెండోది శిల్ప మేడమ్‌ది.