ఎర్ర టోపీవాడి వేలు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. జెద్దాలో మా రూములో పడుకోవడానికి మాకే చోటు చాలదు, ఇక దయ్యం ఎక్కడ పక్క వేసుకుంటుంది? ఏడో తరగతిలోనే బడి మానేసినా ఆ మాత్రం లెక్క నాకు వచ్చు.

నేను గోడలకు రంగులేస్తాను. మా అక్క భర్త మల్లేశ్ బావదీ అదే పని. పోయినేడు ఒక విల్లాలో హాలు పని దొరికింది. అక్కడ అద్దం బిగించిన ఫ్రేములో పెద్ద బొమ్మ ఉంది. వందల ఏళ్ల కిందట ఎవరో జర్మనీ చిత్రకారుడు వేసినదానికి నకలట. నీళ్లలో జింకలు, వెంటపడే కుక్కలు, పసుపు కోట్లు, కుంకుమ రంగు గౌన్లు, వెనక నిగనిగలాడే అడవి. మూలన ఒక ఎర్ర టోపీవాడు, షరఫియా బజారు హోటల్లో చాయ్ చెబుతున్నట్టు చెయ్యి చాచి నిలబడ్డాడు.

ఇంటావిడకు గోడ అచ్చం ఆ అడవి పచ్చలో కావాలి. ఆమె ఒప్పుకుంటేనే పని నడుస్తుంది, పని అయితేనే బావకు సెలవు. ఊళ్లో అక్కకు పాప పుట్టింది. వారంలో తొట్టెల, పాపను ఉయ్యాల్లో వేసే పండగ.

మేం రంగు కలిపాక వేలితో గోడ మీద చుక్క పెట్టి, ఆరాక చూస్తాం. ఎన్ని చుక్కలు పెట్టినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

"గిది అడివి పచ్చనారా బామ్మర్ది? పాలకూర పప్పు లెక్కున్నది," అన్నాడు బావ, ఆఖరి చుక్క చూసి.

"నీకు ఆకలైతున్నది బావా. తినొద్దాం పా."

ఇంటావిడ బయటికి వెళ్లింది, ఇంట్లో ఎవరూ లేరు. బకెట్‌కు మూత పెట్టి, హాలుకు తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

తిరిగొచ్చేసరికి బొమ్మ పక్కన కొత్త చుక్క ఉంది. ఆరిపోయింది కూడా. అచ్చం ఆ అడవి పచ్చే. మూత తీస్తే బకెట్లోనూ అదే రంగు.

"నువ్వు కలిపినవారా?"

"నీ పక్కన కూసొని బువ్వ తింటి గద బావా."

సాయంత్రం ఇంటావిడ చూసి "తమామ్", అంతా బాగుంది అంది. గోడ పూర్తయింది, బావ తొట్టెలకు అందాడు.

అతను విమానం ఎక్కాక సామాను సర్దడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. అప్పుడు చూశాను, ఎర్ర టోపీవాడి చూపుడు వేలి కొస పచ్చగా ఉంది. గుడ్డతో తుడిచాను, పోలేదు. మరక అద్దానికి లోపల ఉంది. రంగు కోసం మొదటి రోజు ఫోన్లో తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. అందులో వేలు శుభ్రంగా ఉంది.

ఆ ఫోటో ఇప్పటికీ దాచుకున్నాను. తెలిసిన పెయింటర్లందరికీ చూపించాను. ఆ వేలికి రంగెలా అంటిందో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం నిజం. ఈ దేశంలో ఇకామా కార్డు, అంటే ఉండటానికిచ్చే పర్మిట్, లేకుండా అంత మంచి పని చేసి, పోలీసులకు దొరకనివాణ్ణి ఆ ఎర్ర టోపీవాణ్ణొక్కణ్ణే చూశాను.