కోమల కట్టిన మూటలు

పోచంపల్లి దశరథ్ మెడ మీద చెవి పెడితే లోపల మగ్గం నడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఇది నేను స్వయంగా చెవి పెట్టి విన్న మాట. సరే, చెవి పెట్టలేదు. భువనగిరి దవాఖానలో అతని మెడ రక్తనాళాలకు స్కానింగ్ చేస్తుంటే తలుపు బయట నిలబడి విన్నాను. అది నెత్తురు పారుతున్న చప్పుడని దవాఖానవాళ్లన్నారు. నలభై ఏళ్లుగా అతని పక్కింట్లో ఉంటున్నవాణ్ణి, నాకు మాత్రం మగ్గంలాగే ఉంది.

దశరథ్ నేసేవాడు, భార్య కోమల ముడులు వేసేది. రంగులో ముంచేముందు నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టడం ఆమె పని. ముడి ఉన్నచోట రంగు అంటదు. నేశాక అక్కడ పువ్వు తేలుతుంది. చేతికి అదే అలవాటై, మొగుడి షుగర్ గోలీలు కూడా ఒక్కొక్కటీ గుడ్డపీలికలో పెట్టి కట్టేది. పొద్దుటిదానికి ఎర్రదారం, రాత్రిదానికి నీలం. దశరథ్ ఆ ముడిని పళ్లతో లాగేవాడు.

"ఇంట్ల కత్తెర లేదా? కోతి లెక్క పీకుతవేంది?" అని ఆమె తిట్టేది. ఆ తిట్టు కోసమే అతను కత్తెర ముట్టేవాడు కాదు.

కిందటేడు దసరాకు ముందు కోమల జ్వరంతో పోయింది. ఆమె కట్టి డబ్బాలో పెట్టిన గోలీల మూటలు మిగిలాయి. వందకు తక్కువ లేవని ఊరంతా చెప్పాను. నిజానికి పంతొమ్మిది.

ఆ రోజు నుంచి దశరథ్ గోలీ మింగలేదు. పొద్దున్నే ఒక మూట తీసేవాడు, ముడిని వేళ్లతో తడిమేవాడు, మళ్లీ డబ్బాలో పెట్టేవాడు.

"దుకాణంల కొత్తయి తెచ్చుకోరాదుర?" అన్నాను.

"ఆమె కట్టినయి ఇంట్ల ఉండంగ, కొన్నయి ఎట్ల మింగుతర?"

"మరి గవే మింగు."

"మింగితె అయిపోతయి గద."

డబ్బా మూత నేనే పెట్టేసి ఇంటికొచ్చాను.

ఎనిమిది నెలలకు కళ్లు తిరిగి మగ్గం దగ్గరే కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని నేనే దవాఖానకు తీసుకుపోయాను. స్కానింగ్ అయ్యాక డాక్టర్ నిహారిక రిపోర్టులు ముందు పెట్టుకుంది. కాలేయంలో కొవ్వు, ఒంట్లో చక్కెర, మెడలో రక్తనాళాల గోడలు మందమవుతున్నాయి.

"గివన్నీ ఒకదానికొకటి తోడైతయి పెద్దాయనా. నాళం మూసుకపోతే కాలుచెయ్యి పడిపోతయి. గోలీలు వేసుకుంటున్నరా?"

"వేసుకుంటున్న."

"అబద్ధం మేడం!" అని మూటల సంగతంతా చెప్పేశాను. అతను చూసిన చూపుకు నాకే షుగర్ పెరిగింది.

డాక్టర్ కొత్త చీటీ రాసింది. "పాత గోలీ బంద్. ఇది వేరే మందు. చక్కెరతోపాటు కాలేయానికి, నాళాలకు గూడ మేలు చేయొచ్చు. కానీ రోజూ వేసుకుంటేనే."

"మరి పాతయి?"

"ఇంక మింగొద్దు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ వద్దు."

ఇంకోసారి అడిగి, అదే మాట మళ్లీ చెప్పించుకున్నాడు. బయటికొచ్చి మందుల దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, కొత్త మందు పట్టీ చించి గోలీ నోట్లో వేసుకున్నాడు. నీళ్లసీసా అందుకోవడానికి చెయ్యి చాపాడు గాని నా వైపు చూడలేదు. ఇప్పుడు ఒక్కరోజు కూడా మానడు.

ఇదంతా రాసి మొన్న అతనికే చదివి వినిపించాను.

"మూటల్లేవు, ముడుల్లేవు. కోమల గోలీలు కట్టనే లేదు. అంతా నువ్వు పుట్టించినవ్" అన్నాడు.

"అయితే డబ్బా తెరిచి చూపెట్టు."

"డబ్బానే లేదు" అన్నాడు, ఒళ్లో ఉన్నదాని మీద తువ్వాలు కప్పుకుంటూ.