గెడ్డ దాటే బండి కోసం విజయనగరం

కోటబొమ్మాళిలో ఉదయం ఏడు దాటాక పాసింజరు ఎక్కాం. ముగ్గురం: నేను, యోహాను మావ, డ్రైవరు అప్పన్న. మా సంఘానికి కొత్త బండి వచ్చిందని, దానికి అదనంగా ఏమేం బిగించాలో స్వయంగా వచ్చి చూసుకోమని విజయనగరం షోరూం వాళ్ళు కబురు చేశారు. యోహాను మావ మా సంఘ పెద్ద, మా అమ్మకు వరసకు తమ్ముడు. నా పేరు దీనమ్మ, నేను స్త్రీల సమాజం తరఫున. వారం వారం కొండ మీది మందిరాలకు వెళ్ళేదాన్ని కనుక నన్నూ రమ్మన్నారు. పాస్టరు గారు స్టేషనుకు వచ్చి ప్రార్థన చేసి పంపారు.

మెళియాపుట్టి అవతల కొండల్లో మా సంఘానికి మూడు చిన్న మందిరాలున్నాయి. చివరిది రాయిగూడలో. ఆ ఊరికి ఇవతల ఒక గెడ్డ, అంటే కొండవాగు, అడ్డం. వేసవిలో మేకలు గెంతి దాటేస్తాయి. వానలు పడితే జీపు చక్రం సగం మునుగుతుంది. పోయినేడు వానల్లో రూతు అనే అమ్మాయి తల్లికి జ్వరం ముదిరితే మా పాత జీపులో తీసుకొస్తున్నాం. గెడ్డ మధ్యలో అడుగున రాయి తగిలి ఇంజను ఆయిల్ చాంబరు పగిలింది. నూనె అంతా నీళ్ళలో కలిసిపోయింది, బండి ఆగిపోయింది. ఇల్లు బండ మీద కట్టుకోమన్నాడు ప్రభువు. మా జీపు మాత్రం బండ మీదే ముగిసింది. ఊరివాళ్ళు వచ్చి డోలీ కట్టి ఆవిడను రోడ్డు దాకా మోశారు. ఆవిడ బతికింది, దేవునికి స్తోత్రం.

ఆ రోజు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ మధ్య కూర్చున్న రూతుకి ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు, పైగా బీపీ ఉందని నర్సమ్మ చెప్పింది. టెక్కలి ఆస్పత్రిలో పురుడు పోసుకోవాలి, ఈలోగా పరీక్షలకు రావాలి. "నడిసి రమ్మంటే వస్తాను గానీ మీ జీపు ఎక్కను పిన్నీ. ఇంటికాడే కంటాను" అనేసింది. ఎంత చెప్పినా అదే మాట. శ్రావణంలో కాన్పు, అంటే గెడ్డ నిండుగా ఉండే రోజులు. రూతు ఎక్కడానికి ఒప్పుకునే బండి తేవాలి. విజయనగరం ప్రయాణం అందుకే.

రైల్లో సీటు దొరికింది. టిక్కెట్టు ధర ప్లాట్‌ఫారం మీద తిన్న ఇడ్లీల కంటే తక్కువ. తిలారు దాటాక వంశధార వచ్చింది, ఇంకా ఇసక తిన్నెలే ఎక్కువ, మధ్యలో సన్నటి పాయ. ఎదురుగా పంచె కట్టుకున్న రైతు ఒకాయన ముంజెలు ఒలుచుకుని తింటూ మా మాటలు వింటున్నాడు. కాసేపటికి ఆయనే అడిగాడు.

"సర్చీకి జీపేటి తల్లీ? మా ఊరి దేవుడికి రథం ఉన్నాది. ఏడాదికోపాలి తీస్తారు, ఊరంతా లాగాలి."

"మా దేవుడికి జీపు అక్కర్లేదు బాబూ. ఆయన నీళ్ళ మీద నడిసిపోతాడు. మాకే రాదు" అన్నాను.

ఆయన నవ్వి రెండు ముంజెలు నా చేతిలో పెట్టాడు. పొందూరులో దిగుతూ, "నీళ్ళలో ఎల్లే బండయితే పొగ్గొట్టం పైకి ఉండాల, సూసుకోండి" అని చెప్పి మరీ వెళ్ళాడు.

చీపురుపల్లి దాకా యోహాను మావ తన జేబులోని చీటీ తీసి అందరి కోరికలూ నెమరేశాడు. మా మందిరం తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఫ్యాను రెక్క మీద పేరుంటుంది, బల్ల వీపు మీద పేరుంటుంది, గోడ గడియారం అద్దం మీద కూడా "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని ఉంటుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేరు ప్రతి ఆదివారం కంటికి కనపడాలని అందరికీ ఆశ. దాన్ని నేను తప్పు పట్టను, మా నాన్న పేరు గంట మీద ఉంది. బండి కొనడానికి సంఘమంతా కలిసి ఇచ్చింది. అదనపు సామాన్లు మాత్రం ఒక్కో కుటుంబం ఒక్కోటి ఇస్తామంది. వెనకాల వేలాడే స్టెప్నీ కవరు రైసుమిల్లు సలోమి వదిన ఇస్తోంది, దాని మీద పోయిన వాళ్ళాయన, మిల్లు అన్నయ్య పేరు. మంచు లైట్లు ఒకరు, ఎక్కడానికి మెట్లు ఒకరు. నాలుగు పెద్ద స్పీకర్లూ, పాటల పెట్టే, పైన మైకూ యోహాను మావ ఇస్తున్నాడు, రెండేళ్ళ కిందట ప్రభువు పిలుచుకున్న రత్నమ్మ అత్త జ్ఞాపకార్థం.

పదిన్నరకి విజయనగరంలో దిగాం. స్టేషను బయట ఉప్మా పెసరట్టు తిని, ఆటోలో షోరూంకి వెళ్ళాం. ఆటోవాడు ముగ్గురికీ వంద అడిగాడు, మావ ఎనభైకి దించాడు.

బండి ఎత్తుగా, ఆకుపచ్చగా నిలబడి ఉంది. హారిక అనే అమ్మాయి అన్నీ ఓపిగ్గా చూపించింది. నేను మొదట వెనక తలుపు తీయించి సీటు మడత పెట్టమన్నాను. మడిచాక అడ్డంగా పడుకుని చూశాను. కాళ్ళు మడవాల్సి వచ్చింది. మూలగా పడుకుంటే సరిపోయింది. షోరూంలో ఉన్నవాళ్ళంతా అటే చూశారు.

"ఆంటీ, బాగుందా?" అంది హారిక.

"దిండొకటి ఉంటే బాగుంటాది" అన్నాను.

టైర్ల దగ్గర అప్పన్న పట్టుబట్టాడు. మెరిసే అల్లాయ్ చక్రాలు వద్దు, ఇనప చక్రాలే ఉండనీ, వంగితే సుత్తితో కొట్టుకోవచ్చు అన్నాడు. గాట్లు లోతుగా ఉన్న టైర్లు ఎంచాడు. గాలి పీల్చే గొట్టం పైకప్పు దాకా తీసుకెళ్ళే ఏర్పాటు కూడా ఉంది. రైతు చెప్పింది పొగ్గొట్టం గురించి గానీ, ఇంజనులోకి నీళ్ళు పోకుండా కాపాడేది ఇదేనట. అది స్త్రీల సమాజం పేరున రాయించాను. గొట్టం పొడుగు, పేరు పడుతుంది.

అప్పుడు నేను హారికను బండి అడుగు చూపించమన్నాను. సర్వీసు షెడ్డులో గొయ్యి మీదికి ఎక్కించారు. కింద నిలబడి తల ఎత్తి చూస్తే ఆయిల్ చాంబరు ముందు పక్క ఒక పలచటి రేకు, అంతే. మిగతాదంతా తెరిచే ఉంది. మందపాటి ఉక్కు ప్లేటు విడిగా దొరుకుతుందట, ఇంజను నుంచి గేరుబాక్సు దాకా కప్పేస్తుందట. "రాళ్ళలో తిరిగేవాళ్ళు తప్పకుండా వేయించుకుంటారు ఆంటీ" అంది. దాని ధర ఇంచుమించు మావ స్పీకర్లంత.

ఆ ప్లేటు ఎవరూ మొక్కుకోలేదు. సంఘం డబ్బు బండికే సరిపోయింది. సలోమి వదినకు ఫోను చేశాను.

"ప్లేటంటే ఎక్కడుంటాది?" అని అడిగింది.

"బండి కింద వదినా."

"కిందంటే మీ అన్నయ్య పేరు రోడ్డుకి సూపిస్తావేటి? బతికున్నన్నాళ్ళూ ఎవులకీ తలొంచలేదు ఆయన. స్టెప్నీ కవరే ఉండనీ."

ఆమెను ఏమంటాం. ఇంకో ఇద్దరికి చేశాను, ఇద్దరూ పేరు ఎక్కడ రాస్తారనే అడిగారు. మావ మా పక్కనే స్పీకర్లు పెట్టించి వింటున్నాడు. షెడ్డంతా దద్దరిల్లింది. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను.

"మావా, ఆ రోజు గెడ్డలో పాటల్లేక ఆగలేదు మనం."

మావ పాట ఆపలేదు. నా వైపు చూడలేదు కూడా. "రత్నం మందిరంలో ముప్పయ్యేళ్ళు పాట ఎత్తింది. నీకు తెల్దేటి?" అన్నాడు. తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. అప్పన్న ఒక్కడే సాంబారు బాగుందని రెండుసార్లు అన్నాడు. సామాన్లు బిగించడానికి మర్నాటి దాకా పడుతుందన్నారు కనుక తెలిసిన మిషను కాంపౌండులో రెండు గదులు తీసుకున్నాం. మంచం, ఫ్యాను, బావి నీళ్ళు, తోచినంత కానుక ఇస్తే చాలు. దీపాలు పెట్టే వేళకు ముగ్గురం కూర్చుని వాక్యం చదువుకున్నాం. చదవడం నా వంతు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన భాగం వేలికి వెంటనే తగిలింది. అది చదవాలని నోటిదాకా వచ్చింది. కానీ వాక్యం ఉన్నది మనిషి మీదికి రాయిలా విసరడానికి కాదు. పేజీ తిప్పి, కొండల తట్టు కన్నులెత్తే కీర్తన చదివాను. ప్రార్థనలో రూతు పేరు ఎత్తాను. మావ "ఆమెన్" అనడానికి కొంచెం ఆలస్యమైంది.

మర్నాడు నేను లేచేసరికి మావ లేడు. టిఫిను చేసి షోరూంకి వెళితే, షెడ్డులో గోతిలోకి దిగి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా భుజానికి గ్రీజు. మా కోసం తెచ్చిన కొత్త స్పీకర్ల పెట్టెలు మూత తీయకుండా ఒక పక్కకు పెట్టేశారు.

"ఆ రేకు వేలితో నొక్కితే వంగుతాది దీనమ్మా" అన్నాడు నన్ను చూసి. "ప్లేటు ఎయ్యమన్నాను."

"మరి అత్త పేరు మావా?"

"రాయిస్తాను. అక్కడే."

ప్లేటు బిగించే ముందు పక్క వీధి నుంచి పెయింటరును పిలిచి, నేలను చూసే వైపు తెల్లరంగుతో రాయించాడు. అప్పన్న ఊరుకోడు కదా.

"కింద రాస్తే ఎవులు సూస్తారు తాతా?"

"నువ్వు బోర్లా పడేస్తే ఊరంతా సూస్తాది. నడిపీదేదో సక్కగా నడుపు."

మధ్యాహ్నం రెండింటికి తాత్కాలిక నంబరుతో బండి చేతికిచ్చారు. హారిక కొబ్బరికాయ తెప్పించి, మమ్మల్ని చూసి మళ్ళీ పక్కన పెట్టేసింది. "పరవాలేదమ్మా, నీ ఆశ నీది" అని మావ దాన్ని తీసుకుని సీటు కింద పెట్టాడు. మేం బండి మీద చేతులుంచి ప్రార్థించాం. హైవే ఎక్కి రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా వస్తూ నరసన్నపేట దగ్గర టీ తాగాం. చీకటి పడకముందే కోటబొమ్మాళి చేరాం. మందిరం ముందు సలోమి వదిన స్టెప్నీ కవరు మీద పేరు చేత్తో తడుముకుంది. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని సంతోషించింది. నాకూ సంతోషమే వేసింది.

వారం తిరక్కుండానే కొండల్లో వానలు పడ్డాయి. ఆదివారం ఆరాధన ముగియగానే రాయిగూడ బయల్దేరాం. అప్పన్న, మావ, నేను. టెక్కలిలో డీజిలు పోయించి, మెళియాపుట్టి దాటి మట్టిదారి పట్టేసరికి మూడయింది. గెడ్డ ఎర్రగా పారుతోంది. అవతలి గట్టు మీద ఊరివాళ్ళంతా గొడుగులతో, గోనె గొంగళ్ళతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య రూతు, నడుము మీద చెయ్యి వేసుకుని.

అప్పన్న ఫోర్ వీల్ వేసి మెల్లగా దించాడు. నీళ్ళు తలుపు అంచు దాకా వచ్చాయి. సరిగ్గా మధ్యలో బండి కింద గరగరమని పెద్ద చప్పుడు. ముందు వైపు ఒక్కసారి పైకి లేచింది. మావ కళ్ళు మూసుకున్నాడు. అప్పన్న మాత్రం స్టీరింగు వెనక, ఆయిల్ పోతే వెలిగే ఎర్రదీపం వైపు చూస్తూనే ఉన్నాడు. అది వెలగలేదు. బండి రాయి మీద నుంచి జారి మళ్ళీ నీళ్ళలోకి దిగి, గట్టు ఎక్కేసింది.

రూతు బండి దగ్గరికి రాలేదు. మొగుడిని ముందు పంపింది. అతను బురదలో వెల్లకిలా పడుకుని కిందకి దూరి చాలాసేపు చూశాడు.

"నూనె లేదు. నీళ్ళే కారతన్నాయి" అన్నాడు.

"సరింగా సూడు. ఆ రోజు కూడా ముందు నీళ్ళే అన్నారు" అంది రూతు.

అతను మళ్ళీ దూరాడు. చేత్తో తుడిచి, ఆ చెయ్యి తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె వాసన చూసింది. బురద వాసనే.

మందిరంలో ప్రార్థన చేసుకుని, ఆ పూట వాళ్ళు పెట్టిన రాగి అంబలి తాగి, ఐదింటికి తిరుగు ప్రయాణమయ్యాం. మర్నాడు టెక్కలిలో పరీక్షలు. రాత్రికి రూతు మా ఇంట్లో ఉంటానంది. మడత పెట్టిన సీటు మీద బొంత పరిచాం. ఆమె పడుకోలేదు, నా పక్కన కూర్చుని కిటికీ పట్టుకుంది. గెడ్డ మధ్యలో మళ్ళీ ఆ చప్పుడు వచ్చినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండి ఆగలేదు. అవతలి గట్టు ఎక్కాక కూడా చెయ్యి వదలడానికి కొంత దూరం పట్టింది.

మీ సంఘం కూడా బండి కొనుక్కోవాలని ప్రార్థన చేస్తూ ఉండవచ్చు. విజయనగరం వెళ్ళండి, పాసింజరులోనే వెళ్ళండి, అన్నీ చూడండి. పేర్లు రాయించుకోండి, అందులో పాపం లేదు. కాకపోతే ముందు గోతిలోకి దిగి తల ఎత్తి చూడండి. ఎవరి బతుకు ఆ బండి మీద ఆధారపడి ఉందో వాళ్ళ పేరు మనసులో పెట్టుకుని చూడండి. ఏది కావాలో, ఏది అక్కర్లేదో అప్పుడు తేలిపోతుంది.

మెళియాపుట్టి దగ్గర తారురోడ్డు ఎక్కాక రూతు చెప్పులు విడిచి బొంత మీద కాళ్ళు చాపుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి కళ్ళు మూసుకునే అంది.

"అప్పన్న బావా, శ్రావణంలో డీజిలు ఎప్పుడూ నింపి ఉంచు. రేత్రో పగలో తెల్దు. కబురంపుతాను."