పదకొండో సీటు

సౌదీలో దమ్మామ్ నుంచి హఫర్ అల్ బాతిన్ వెళ్లే మధ్యాహ్నపు బస్సులో, ఒకాయన పక్కనున్న కిటికీ సీటు ఖాళీగా కనిపిస్తే అడిగాను.

"అక్కడ మనిషున్నడు సార్," అన్నాడు.

వెనక సీటులో కూర్చున్నాను. యాభై దాటిన మనిషి, మెడలో విజిల్. క్యాంపు కార్మికుల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌నని, పోటీకి తీసుకెళ్తున్నానని చెప్పాడు.

నమాజుకు ఆగిన బస్సు మళ్లీ కదలబోతుంటే, లేచి ఒక్కొక్క ఆటగాడి తల మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టాడు. పదిమంది అయ్యారు. తర్వాత తన పక్క సీటు దగ్గర, తల ఉండాల్సిన ఎత్తులో గాలిలో చెయ్యి ఆపి, "పదకొండు" అన్నాడు.

నేను చూడటం గమనించాడు.

"కాలేజీల నేను కెప్టెన్ సార్. వీడు లెఫ్ట్ వింగ్. ఫైనల్ నాడు జ్వరమొచ్చింది, ఆడలేనన్నడు. సాకులు చెప్పకురా అని నేనే ఆటకు దింపిన. ఆట నడుమనే పడిపోయిండు, మళ్ల లేవలే. కోచ్‌నైనంక ఎన్ని టీములు మారినా వీడికీ టికెట్ తీస్త."

చెయ్యి తిప్పి, తల్లి బిడ్డ నుదురు చూసినట్టు, ఆ ఖాళీకి ఆనించాడు.

"ఇంక తగ్గలే," అన్నాడు.

అందరూ దిగిపోయాక, ఆ సీటులో తల ఆనే చోటు ముట్టుకున్నాను. ఏసీకి బస్సంతా చల్లగా ఉంది. ఎండ అవతలి పక్క పడుతోంది. ఆ చోటు మాత్రం కాలుతోంది.

ఇప్పుడు నేను సూపర్‌వైజర్‌గా ఉన్న సైటులో పనివాళ్లెవరైనా జ్వరమంటే మారుమాట లేకుండా రూముకి పంపేస్తాను. నుదురు మాత్రం ముట్టి చూడను.