ఆలివ్ కట్టె ఆరేదాకా

మా అమ్మాయి ఇంటి వెనక పెద్ద ఆలివ్ చెట్టు ఉండేది. రాలిన కాయలు చెప్పులకంటుకుని కార్పెట్ నిండా మరకలవుతున్నాయని, వేసవికి ముందే కొట్టించేసింది. విరగకాసిందని చెట్టుకి శిక్ష వేయడం ఈ దేశంలోనే చూశాను. కొట్టిన వాళ్లు మొద్దుల్ని మిషన్‌లో వేసి పొట్టు చేసి పట్టుకుపోతామన్నారు. నేను అడ్డంగా వెళ్లి మొద్దు మీదే కూర్చున్నాను.

కట్టె సంగతి నాకు తెలుసు. నా బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా కట్టెల అడితిలో, పాత పేపర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. తుమ్మో, చింతో, సరుగుడో కళ్లు మూసుకుని చేత్తో ఎత్తి చెప్పేవాణ్ణి. ఈ ఆలివ్ తుమ్మకంటే బరువు.

నా ఆరాటమంతా మా ఆవిడ కోసం. మేముండే అమ్మాయి ఇల్లు కొండవాలులో ఉంది. చలికాలం గాలివానొస్తే కరెంటు పోతుంది, దాంతో హీటరూ ఆగిపోతుంది. ఆవిడ వేళ్లు బిగుసుకుపోయి రాత్రంతా మూలుగుతుంది. హాల్లో ఇనప కట్టెల పొయ్యి ఉంది గానీ, దాని మీద పూలకుండీ పెట్టారు. ఆ పొయ్యీ తీయించేస్తానంటుంది అమ్మాయి.

ఆలివ్ పీచు మెలితిరిగి ఉంటుంది, గొడ్డలికి లొంగదు. అల్లుడు అద్దెకి మిషన్ తెచ్చి చీల్చాడు. రెండు వేసవులు ఆరనివ్వాలని యూట్యూబ్‌లో చూశాట్ట. ఆ యూట్యూబ్ పుట్టకముందు నుంచీ నేను కట్టెలు ఎండబెడుతున్నానన్నాను. తుమ్మ ఒక్క ఎండాకాలంలో ఎండుతుంది. ఇదెందుకు ఎండదు?

ఎండలేదు. ఆ డిసెంబరులో కరెంటు పోగానే పొయ్యి వెలిగించాను. కట్టె చివర్ల నుంచి నురగ కక్కింది, బుస్సుమంది, మండనంది. పొయ్యి తలుపు తెరిచి ఊదాను. పొగంతా హాల్లోకొచ్చింది. పొయ్యి చేసినవాణ్ణి, గొట్టం బిగించినవాణ్ణి, అందర్నీ తిట్టాను. ఆవిడ దగ్గుతూ లేచింది.

"మీరు కట్టెలు అమ్మారు. ఊదుకుని చచ్చింది మేం," అంది. కోపంగా కూడా కాదు.

వెళ్లి, కార్‌లో హీటర్ వేయించుకుని కూర్చుంది. నేను హాల్లో కిటికీలన్నీ తెరుచుకుని, చలిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. అడితిలో కట్టె తూకం దిగాక మా పని అయిపోయేది. అది ఏ ఇంట్లో ఎలా మండిందో, ఎవరి కళ్లు వాచాయో ఒక్కనాడూ అడగలేదు. ఎవరూ అడగమననూ లేదు.

మర్నాడు అమ్మాయి పొయ్యి తీసేవాళ్లకి ఫోన్ చేయబోయింది. ఆవిడే ఆపింది.

"ఉండనీవే. ఇంకో ఎండాకాలం ఆరనీ."

వచ్చే ఏడాది సంగతి ఏది ఎత్తినా "అప్పటికి ఉంటే చూద్దాం" అనే మనిషి. ఆ పచ్చికట్టెకి మాత్రం ఏడాది గడువిచ్చింది. ఆ వేసవంతా గుట్టని ఎండవైపు తిప్పుతూ ఉండిపోయాను. అల్లుడు ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. అదే ఎక్కువ మండింది.

మొన్న జనవరిలో మళ్లీ కరెంటు పోయింది. భయంభయంగా వెలిగించి, మండుతుందో లేదోనని పొయ్యి నిండా కుక్కాను. పొగ లేదు. మంట పెద్దగా లేదు గానీ, నిప్పు కణకణలాడుతూ నిలబడింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కాసేపటికి శాలువా తీసేసింది. ఇంకాసేపటికి కుర్చీ వెనక్కి జరిపింది.

"ఎవరు పెట్టమన్నారండీ అన్నేసి? ఉక్కపోస్తోంది, కాస్త ఆ కిటికీ తెరవండి."

వానలోకి కిటికీ తెరిచాను.