ఆరిపోయే మీటరు

మా ముత్తాతగారు గోదావరి మీద రెండు రేవులను వేలంలో పాడుకున్న పాటదారు. మా తాతగారి హయాంలో ఆ రేవుల్లో మా లాంచీలే తిరిగేవి. ఆయన రేవులోకి దిగితే లాంచీలు నడిపే సరంగులు తలగుడ్డ తీసి నిలబడేవారు. మా నాన్నగారి కాలానికి ఒక్క లాంచీ మిగిలింది. అయినా మా ఊరి వినాయకుడు నిమజ్జనానికి నడిగోదావరిలోకి వెళ్ళేది దాని మీదే. ముందు భాగాన మా ఇంటి పెద్ద నిలబడేవాడు. ఆ గౌరవం ఇంకెవరికీ దక్కలేదు.

నేను ఐర్లండులో లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుని. మా ఆవిడ ఆసుపత్రిలో మందుల విభాగంలో పనిచేస్తుంది. మొన్న వేసవి మొదట్లో, ఇక్కడి సముద్రపు పాయలో తిప్పుకోవడానికి ఒక పాత బోటు కొన్నాను. ఆరుగురు కూర్చోవచ్చు. వెనక తగిలించే మోటారు ఒకటి దానితోనే వచ్చింది. ఇంజను వేగం, బ్యాటరీ బలం, ఇంజను వేడి, అన్నీ ఒకే తెరమీద చూపించే డిజిటల్ మీటరు మాత్రం కొత్తది తెచ్చి నేనే బిగించాను. ఇక్కడి తెలుగు కుటుంబాల వాళ్ళు ఏటా మట్టి వినాయకుణ్ణి బకెట్లో నిమజ్జనం చేస్తారు. ఈసారి మీ బోటులో తీసుకెళ్దామా అని అడిగారు. ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆ వారమే మీటరు మొరాయించింది. తాళం తిప్పితే మోటారు ఎప్పటిలాగే అందుకునేది, మీటరు మాత్రం ఆరిపోయేది. మళ్ళీ వెలిగి, బ్యాటరీ అయిపోయిందని కూతలు పెట్టేది. నీళ్ళ మీద హాయిగా పోతుంటే ఇంజను ఆగిపోయినట్టు సున్నా చూపించేది. రెండోసారి అలా కూయగానే మా ఆవిడ బోటును ఒడ్డుకు తిప్పించింది.

"వినాయకుడంటే మునగడానికే వస్తాడు. మిగతావాళ్ళు అందుకు రావట్లేదు కదండీ" అంది. ఆ మీటరు నోరు మూసుకుని బుద్ధిగా నిజం చెప్పేదాకా పిల్లల తల్లులెవరినీ తాను ఎక్కనివ్వనని తేల్చేసింది. అందరూ ఆవిడ మాట వింటారు. అంటే ఆదివారంలోగా బాగవకపోతే మళ్ళీ బకెట్టే.

మా పక్కనే బోటు కట్టుకునే ముసలాయన ఒకప్పుడు చేపలు పట్టేవాడు. ఆయన వచ్చి చెవి పెట్టి విని, ఇంజను గ్రాండ్‌గా, అంటే భేషుగ్గా ఉందనీ, ఆ అద్దం ముక్కని పీకి నీళ్ళల్లో పారెయ్యమనీ సలహా ఇచ్చాడు. టార్చి పట్టుకుంటానని కూడా అన్నాడు. వద్దన్నాను. మా ఇంట్లో లాంచీ పని బయటివాళ్ళ చేత చేయించుకునే అలవాటు లేదు.

శనివారం పొద్దున్నే కరెంటు కొలిచే మల్టీమీటరు తీసుకుని కూర్చున్నాను. బ్యాటరీ నిండుగా ఉంది. అదే కరెంటు మీటరు వెనక కొలిస్తే బాగా తక్కువ. దారిలో ఎక్కడో పోతోందన్నమాట. ముందు ఎర్ర తీగను అనుమానించాను. ఫ్యూజు మార్చాను, ప్రతి ప్లగ్గూ ఊడదీసి తుడిచాను. తేడా లేదు. మల్టీమీటరు ఎర్ర ముల్లు బోటు మీటరు వెనకే ఉంచి, నల్ల ముల్లును మాత్రం తెచ్చి నేరుగా బ్యాటరీకి ఆనించాను. కొలత పూర్తిగా వచ్చింది. ఎర్ర తీగ తప్పేమీ లేదు. మీటరు నుంచి కరెంటు తిరిగొచ్చే నల్ల తీగలోనే ఉంది రోగం. మోటారుకు వేరే లావు తీగ ఉంది కాబట్టి దానికేమీ కాలేదు.

బ్యాటరీ దగ్గర నట్టు విప్పి ఆ సన్నటి తీగ చివర ఉన్న ఇత్తడి రింగు పైకెత్తాను. కింద పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది. అంచుల్లో చిలుము. గోరుతో గీకితే ఎర్రటి పొడి కూడా రాలింది.

ఫ్లాస్కుతో కాఫీ తెచ్చిన మా ఆవిడ వంగి చూసింది. "పసుపూ కుంకమా ఇవి. మీరు పెట్టిన బొట్టేనండీ" అంది.

నేనే పెట్టాను. మా తాతగారి నుంచి వస్తున్న పద్ధతి అది. కొత్తగా ఏది బిగించినా, నట్టు పడే చోట పసుపు రాసి, కుంకం పెట్టి, ఆ తర్వాతే బిగించాలి. పైన పెడితే తుడుచుకుపోతుందని, లోపలే పెట్టాలని ఆయన నియమం. మీటరు పెట్టిన రోజు ఆఖరున బిగించింది ఆ నల్ల తీగే. ఆ బొట్టు ఉప్పుగాలికి చెమ్మపట్టి, గడ్డకట్టి, కరెంటుకు అడ్డం పడింది. కొబ్బరికాయ మాత్రం రేవు గట్టు మీద కొట్టాను.

"మీ తాతగారి లాంచీకి కరెంటు ఉండేదేంటండీ?"

హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారని చెప్పాను.

"మరదే" అంది, కాఫీ కప్పు చేతికిస్తూ.

గరుకు కాగితంతో రింగునూ, అది కూర్చునే చోటునూ మెరిసేదాకా రుద్దాను. బిగించి, ఉప్పుగాలి తగలకుండా పైన వాసెలిన్ రాశాను. తాళం మా ఆవిణ్ణే తిప్పమన్నాను. మోటారు అందుకుంది. మీటరు రెప్ప వేయలేదు. నీళ్ళ మీద చాలాసేపు తిప్పాను. ఒక్క కూత లేదు.

ఆదివారం అందరూ వచ్చేసరికి మా ఆవిడ మోటారు ప్లాస్టిక్ మూత మీద బొట్టు పెట్టి ఉంచింది. ఇది తుడుచుకుపోతే మళ్ళీ పెడతానంది. బాగానే ఉంది, నేను కాదనలేదు. రెండు విడతలుగా అందర్నీ తిప్పాను. మొదటి విడతలో ఒళ్ళో వినాయకుణ్ణి పెట్టుకుని ముందు కూర్చుంది మా ఆవిడే. ఇక్కడ ఇంటి పెద్దే సరంగు, వెనక కూర్చోక తప్పదు. అక్కణ్ణుంచి చూస్తే వినాయకుడు నీళ్ళల్లోకి జారడం ఇంకా బాగా కనిపించింది.

ఒడ్డున తాడు కడుతుంటే ముసలాయన ఉండ్రాయి నములుతూ వచ్చాడు. అద్దం ముక్కని పారెయ్యనందుకు కొంచెం నిరాశపడ్డట్టున్నాడు. మీకు ఇంతకుముందు ఎప్పుడైనా బోటు ఉండేదా అని అడిగాడు.

"లాంచీలు ఉండేవి" అన్నాను.

ఏమయ్యాయని అడిగాడు. చెప్పాను. గోదావరి మీద వంతెన కట్టి రేవుకు జనం తగ్గాక ఆఖరి లాంచీని మా నాన్నగారు అమ్మేశారు. కొన్నవాళ్ళు ఇంజను విప్పుకుని, చెక్కను కోయించి పట్టుకెళ్ళారు.