జానెడు పైకి జరిపిన నొప్పి

ఒక్క అబద్ధం, అదీ జానెడు పొడవుది, మా అమ్మాయి పెళ్లి సంబంధాన్ని వీధి గుమ్మం దాకా ఎలా తరిమిందో చెబుతాను. కాస్త మెత్తటి చోట చూసుకుని కూర్చోండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

అప్పటికి నాకు యాభై రెండేళ్లు నిండి మూడు నెలలు. లెక్కలో నా పట్టు ముందు ఉడుంపట్టు ఏపాటి? పాలు కొలిస్తే నురగ అణిగేదాకా ఆగి, అప్పుడు గిన్నె అందుకునేదాన్ని. అలాంటిదాన్ని కనకే, ఆ ఏడు చింతపండు గింజలు తీయడానికి వచ్చినవాళ్ల పని నచ్చక, ఏడాదికి సరిపడా పండునంతా ముందేసుకుని చెక్కపీట మీద కూర్చున్నాను. పొద్దున కూర్చున్నదాన్ని దీపాలవేళకు లేవబోయాను. నేను లేచాను గానీ, నాలో ఒక ముక్క పీట మీదే ఉండిపోయింది.

వెన్నెముక చిట్టచివర, పిరుదుల మధ్య, మనిషికి తోక ఊడిపోయిన చోట చిన్న ఎముక ఉంటుంది. యాభై రెండేళ్లుగా అది ఉన్న సంగతే నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఒంట్లో అది తప్ప ఇంకేదీ లేనట్టే అనిపించింది.

మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు. చూస్తే నా కొడుకు వయసువాడు!

"నొప్పి ఎక్కడమ్మా?"

నా వేలు వెనక్కి పోయింది. సిగ్గు దాన్ని పట్టుకుని జానెడు పైకి లాగింది.

"నడుము, నాయనా."

ఆయన నడుముకు బెల్టు రాసిచ్చి, నిటారుగా కూర్చోమన్నాడు. పాపం, చెప్పిన రోగానికి సరైన మందే ఇచ్చాడు. ముందుకు వాలితే ఆ ఎముకకు కాస్త ఊపిరాడేది. బెల్టు బిగించి నిటారుగా కూర్చుంటే ఒంటి బరువంతా దాని మీదే. లోకానికి గోరుచుట్టు మీద రోకటిపోటు, నాకు తోకెముక మీద బెల్టుపోటు!

సరిగ్గా ఆ వారమే మా రేవతికి పెళ్లిచూపులు. అబ్బాయి వాళ్లది శ్రీకాళహస్తి. అబ్బాయిదీ, మా పిల్లదీ శ్రీసిటీలో ఒకే కంపెనీలో పని. వాళ్లిద్దరూ క్యాంటీన్లో ఎప్పుడో చూసుకున్నారు, ఇక చూసుకోవలసింది పెద్దలమే.

"అమ్మా, నీకు దండం పెడతా. వాళ్లను లెక్కలడగద్దు. నవ్వతా మాట్లాడు, సాలు. ఇది పోతే నాకింకో సంబంధం వద్దు" అంది రేవతి.

అబ్బాయి, అతని తల్లి సరోజమ్మ, మేనమామ వచ్చారు. మగవాళ్లు కూర్చున్నారు.

"కూర్చోండి వదినా" అన్నాను సరోజమ్మతో.

"పర్లేదు, మీరు కూసోండి వదినా."

"మీరు కూర్చుంటేనే గదా నేను కూర్చునేది!"

"మీ గోడ మీద ఫోటోలు బాగుండాయి. సూడనీండి" అంటూ ఆమె అటు తిరిగింది. నేను తలుపు పట్టుకుని కాపలాదారులా నిలబడ్డాను.

మేనమామ అబ్బాయి చెవిలో గొణిగాడు. గొణుగుడు వీధిలోకి వినిపించింది. "ఇంటామె కూసోకుండా నిలబడే ఉండాది సూడు. మనం ఎప్పుడు లేస్తామా అని కాసుకోని ఉండాదబ్బా!"

మా ఆయన నా దగ్గరకొచ్చి పళ్లు నూరారు. "ఏమే, కూసోవే! వాళ్లు అలిగి పోతే పిల్ల మొగం సూడగలవా?"

కాఫీ పళ్లెంతో వంటింటి గుమ్మంలో రేవతి. దాని కళ్లలో నీళ్లు. నిజం నిప్పులాంటిదంటారు. సరే, ఆ నిప్పు మీదే కూర్చుందామని చెక్క కుర్చీ వైపు నడిచాను. మేనమామ గొంతు సవరించుకున్నాడు.

"మావోడికి మీ పాప నచ్చినాదమ్మా. మరి మా సంబంధం మీకు..."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మోవ్!"

పక్క వీధి కుక్క మొరిగింది. మేనమామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సంబంధం మాటెత్తితేనే ఇంత కేకా! లెయ్‌రా, పోదాం."

గుమ్మం దాటబోయారు. ఇక సిగ్గెక్కడిది?

"ఆగండన్నా! నేను కేకేసింది కుర్చీ మీద, మీ మీద కాదు! నాకు తోకెముక నొప్పి. నడుము కాదు, నడుముకు జానెడు కింద, సరిగ్గా..."

"సాల్లేవే, కొలత సెప్పద్దు!" అన్నారు మా ఆయన.

సరోజమ్మ గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ముందే సెప్పరాదా వదినా! ఇంతసేపూ మీ ఫోటోలు నేనెందుకు సూస్తా ఉండాననుకుంటిరి? బండలు కడగతా జారి కూలబడినా. నాకూ ఆడే! ఒరే, కార్లో నా దిండు ఎత్తుకురా పో."

"మగోళ్ల ముందర బాగుండదని నువ్వే గదమ్మా కార్లో పెట్టమంటివి!" అన్నాడు అబ్బాయి.

దిండు వచ్చింది. నడిమధ్య బొక్కతో, అచ్చం పెద్ద మెదువడ.

"ఎముక కిందికి ఆనకుండా దీని మీద కూసోని కొంచెం ముందరికి వాలండి. ఒకే కాడ శానాసేపు కూసోవద్దు. గోరువెచ్చని నీళ్లల్లో కాసేపు కూసుంటే హాయి. శానామందికి కొన్ని వారాల్లో అదే తగ్గతాదంట. తగ్గకపోయినా, జరమొచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా దాసిపెట్టుకోకుండా రమ్మనింది మా డాక్టరమ్మ."

కూర్చున్నాను. కైలాసం మెత్తగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మళ్లీ "మీరు కూర్చోండి వదినా", "మీరే కూసోండి వదినా". ఈసారి ఉన్న ఒక్క దిండు కోసం.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లి నొప్పిని దాని సొంత చోట చూపించాను. ఆయన నవ్వు ఆపుకుంటూ బెల్టు విప్పించాడు.

నిశ్చయ తాంబూలాల రోజున పసుపు, కుంకుమ, పళ్లతో పాటు పట్టుగుడ్డ కప్పిన పళ్లెం ఒకటి వచ్చింది. మేనమామే మోసుకొచ్చి గుడ్డ తీశాడు. కొత్త మెదువడ!

"అమ్మా, ఈసారి దీని మీద కూసోనే సెప్పండి. మా సంబంధం మీకు ఇష్టమేనా?"

కనుక, ఏడుకొండలవాడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ డాక్టరు ముందూ ఏ నొప్పినీ అంగుళమైనా జరపను. చింతపండు గింజలంటారా? ఇప్పటికీ వేరేవాళ్ల పని నచ్చదు, నేనే తీస్తాను. నిలబడి.